కోదాడలో వేషం కట్టిన ఆదివారం

ఉదయం ఏడింటికి మిర్యాలగూడలో కోదాడ బస్సెక్కాను. చేతిలో సంచి, భుజాన నేనే స్పాంజి షీట్లతో చేసుకున్న రెండు పెద్ద రెక్కలు. ఇది 2013 నాటి సంగతి. కార్టూన్ యోధుల్లా వేషాలు కట్టుకోవడమంటే ఇష్టమున్న ముగ్గురం ఇంటర్నెట్‌లో స్నేహితులమయ్యాం: కోదాడ స్వప్న, సూర్యాపేట రఫీ, నేను. ఎదురుగా కలుసుకోవడం అదే మొదలు. రైస్ మిల్లు ఆఫీసులో ఉద్యోగం చేసే పిల్లకు ఈ ఆటలేమిటని ఇంట్లో అంటుండేవారు. ఆ రెక్కలు తలుపేసుకుని తప్ప ఎప్పుడూ తొడుక్కోలేదు.

కండక్టర్ నవ్వాడు. "గివేందమ్మా, రెక్కలా? వీటిగ్గూడ టికెట్ కొట్టాల్నా?"

పక్కసీటు పెద్దమ్మ ఒక రెక్కను హుజూర్‌నగర్ దాకా ఒళ్లో పెట్టుకుంది. "మంచిగ చేసినవ్ బిడ్డా. నలగనియ్యకు," అని దిగిపోయింది.

తొమ్మిదిన్నరకు కోదాడ. స్వప్న పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది. "ఫోటోలో కన్నా పొడుగున్నావే!" రఫీ అప్పటికే స్వప్న వాళ్లింటికి చేరి, అట్టలతో చేసిన కవచం తొడుక్కుని ఇడ్లీలు తింటున్నాడు.

ముగ్గురం వేషాలు కట్టుకుని, ముందే మాట్లాడుకున్న చిన్న ఫంక్షన్ హాలుకు నడిచాం. యజమాని గుమ్మంలోనే ఆపేశాడు.

"పుట్టినరోజనుకున్నా. ఇట్టాంటివి నా హాల్లో కుదరవు."

రోడ్డు మీద జనం పోగయ్యారు. ఎవరో ఈల వేశారు. నాకు ఏడుపొచ్చింది. దొరికిన బస్సెక్కి వెళ్లిపోదామని రెక్కల తాళ్లు విప్పసాగాను. అంతలో ఎదురింటి ఆవిడ గబగబా వచ్చింది. పేరు మంగమ్మ.

"లోపలికి రండమ్మా. మా ఆయన మిమ్మల్ని చూడాలంటున్నాడు."

ఆయన వీరయ్య. ఒకప్పుడు ఊరూరా తిరిగి భాగవతాలాడిన మనిషి. పక్షవాతం వచ్చి రెండేళ్లుగా మంచం మీదే ఉన్నాడు. కిటికీలోంచి మమ్మల్ని చూశాడట. మాట ముద్దగా వస్తోంది.

"నాకు గూడ... జర రంగెయ్యి, బిడ్డా."

స్వప్న మంచం పక్కన కూర్చుని ఆయన ముఖానికి రంగు పూసి, కనుబొమలు, మీసం దిద్దింది. మంగమ్మ అద్దం పట్టింది. ఆయన చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత కుడిచెయ్యి పైకెత్తి, బొంగురు గొంతుతో ఒక పద్యం అందుకున్నాడు. సగంలో ఆగింది. మా వెనకే వాకిట్లోకి వచ్చిన జనంలో ఎవరూ నవ్వలేదు. ముందు ఒకరిద్దరు, ఆ వెంటే అందరూ చప్పట్లు కొట్టారు.

"ఆ గొంతు మళ్లీ వింటాననుకోలేదమ్మా," అంటూ మంగమ్మ కళ్లు తుడుచుకుంది. మధ్యాహ్నం అక్కడే పప్పు, గోంగూర పచ్చడితో భోజనం పెట్టింది. రంగు కడుగుదామంటే వీరయ్య తాత ఒప్పుకోలేదు.

సాయంత్రం రఫీ తోడుగా హైవే బస్సులో సూర్యాపేట వచ్చాను. అక్కడి నుంచి మిర్యాలగూడకు బస్సులకు కొదవలేదు. బస్టాండులో టీ తాగుతుంటే రఫీ అన్నాడు: "అచ్చే నెల మా డాబా మీద కలుద్దాం. నువ్వు రాకుంటే మజా ఉండది."

నేను రాకపోతే వెలితిగా ఉంటుందని అంతకుముందు నాతో ఎవరూ అనలేదు.

బస్సు కదిలాక అమ్మ ఫోన్ చేసింది. పొద్దుటి నుంచీ ఎవరితో తిరుగుతున్నావని కోప్పడింది.

"మావాళ్లతోనమ్మా," అన్నాను.