పళ్లతో విప్పిన ముడి

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఇళ్లకంటే ముందు ట్యుటోరియల్ బోర్డులే లేచేవి. అలాంటి ఒకదానిలో, ఇంకా సున్నం పడని మేడమీది హాల్లో నేను డెమో క్లాసు చెప్పాలి. నచ్చితే ఉద్యోగం. లేదంటే ఎల్బీనగర్‌లోని కిరాయి ఇంట్లో అమ్మ పక్కన కూర్చుని నూలుకు ముడులు కట్టడమే. నాకా ఉద్యోగం కావాలి, గట్టిగా కావాలి.

పాఠం క్షయకరణ విభజన, ఒక కణం రెండు దశల్లో చీలి నాలుగయ్యే మియోసిస్. దాని రెండు దశలనూ కలగాపులగం చేసుకోని విద్యార్థిని నేను చూడలేదు. అందుకే ఇంటి నుంచి నూలు తెచ్చాను. రెండు ఎర్ర పోగులకు నడుమ ఒక ముడి, అది తల్లి నుంచి వచ్చిన క్రోమోజోము. రెండు నీలి పోగులకు ఒక ముడి, అది తండ్రి నుంచి వచ్చింది.

"మొదటి దశలో ఈ జంట విడిపోతుంది. ఎర్రది ఒక కణంలోకి, నీలిది ఇంకో కణంలోకి. రెండున్న చోట ఒకటే మిగిలింది, అంటే సంఖ్య సగమైంది. ముడి మాత్రం విడదు" అన్నాను. విడిపోయేముందు అవి ముక్కలు మార్చుకుంటాయనీ, ఆ సంగతి రేపు చెబుతాననీ అనేశాను, ఉద్యోగం రాకముందే.

"రెండో దశలో ముడి విడుతుంది. ఒక్కో పోగు ఒక్కో కణంలోకి పోతుంది. సంఖ్య ఇక తగ్గదు."

ముడి విడలేదు. చేతి అలవాటు కొద్దీ మా ఇంటి ముడి వేశాను. నూలుకు రంగు అంటకూడని చోట కట్టే ముడి అది, మరిగే రంగులో వేసినా ఊడదు. గోళ్లతో పీకుతుంటే ముందు బెంచీలో ఒక పిల్ల కిసుక్కుమంది. గోడకానుకుని వింటున్న ట్యుటోరియల్ యజమాని గడియారం చూసుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. మా అమ్మ చేసినట్టే పోగును నోట పెట్టి పళ్లతో లాగాను. ఊడింది. నీలిదాన్నీ అలాగే ఊడదీసి, నాలుగు పోగులనూ నాలుగు వేళ్లకు వేలాడదీశాను. నాలుగు కణాలు.

యజమాని కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డాయన. నవ్విన పిల్లనే లేపి, "రెండు దశలకీ తేడా ఏంటో చెప్పమ్మా" అన్నాడు.

"మొదటిసారి ఎర్రదీ నీలిదీ ఏరైనయ్ సార్, ముడి ఊడలే. సంఖ్య సగమైంది. రెండోసారి ముడి ఊడింది, సంఖ్య తగ్గలే" అంది, పుస్తకం వైపు చూడకుండా.

ఆయన నా వైపు తిరిగాడు. "ఆ ముడి ఎక్కడ నేర్చారండీ?"

"మా ఇంట్ల సార్. మాది పోచంపల్లి. మేం నేతోళ్లం" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు కలిగిన గర్వం నాకిప్పటికీ తగ్గలేదు.

"ముక్కలు మార్చుకునే సంగతి రేపు చెబుతానన్నారుగా. పొద్దున్నే వచ్చేయండి" అన్నాడాయన.