మామయ్య వాయిదా

మా పిన్ని బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. రెండో మిషన్ మీద నేను. గుండీలు కుట్టే పని మా మామయ్యది, అంటే పిన్ని తమ్ముడిది. ఆయన కూర్చునే స్టూలు ఇప్పటికీ కిటికీ పక్కనే ఉంది. దాని మీద ఎవరైనా కూర్చోబోతే పిన్ని ఒంటికాలి మీద లేస్తుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు ఎంతసేపైనా నిలబడాల్సిందే.

మామయ్యకు మనసు బాగోలేదు. ఎవరో తరుముతున్నారని ఒకరోజు వీధి చివరి వాచీల కొట్టు అద్దం పగలగొట్టి లోపల దూరాడు. వెనక ఎవరూ లేరు. పోలీసులు మాత్రం తర్వాత నిజంగానే వచ్చారు.

జైల్లో మందులు వేళకు అందవు, జబ్బు ముదురుతుంది. ఆసుపత్రికి పంపుతారు, కుదుటపడతాడు. కుదుటపడ్డాడు కదా అని మళ్ళీ జైలుకే. వాయిదా వచ్చేసరికి కథ మొదటికొస్తుంది. కేసేమిటో మామయ్యకు తెలుస్తోందని తేలితే తప్ప విచారణ జరగదు. జరిగితే, అద్దానికి పడే శిక్ష ఎప్పుడో తీరిపోయింది కాబట్టి నేరుగా ఇంటికి పంపేస్తారని వకీలు చెప్పాడు. అంటే ఆయన శిక్ష అనుభవిస్తున్నది అద్దం పగలగొట్టినందుకు కాదు, జబ్బు చేసినందుకు. ఈ తలాతోకా లేని పద్ధతి ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, వాళ్ళను ఒక్కరోజు లోపల కూర్చోబెట్టాలి.

చూద్దామని వెళ్తే మామయ్య ములాఖత్తుకు రానంటాడట. పిన్ని కుట్టి పంపిన పైజామా కూడా గేటు దగ్గర వెనక్కిచ్చారు. బొందు ఉంటే ప్రమాదమట. దారి పొడవునా వాళ్ళను తిట్టుకుంటూ వచ్చి, బొందు లాగేసి నడుముకు గుండీలు పెట్టింది.

"చిక్కిపోయుంటాడు పిన్నీ, కొంచెం బిగించు" అన్నాను.

"నా కళ్ళతో చూడనీవే, అప్పుడు బిగిస్తా" అంది.

ఈసారి ఆసుపత్రి నుంచి సరాసరి కోర్టుకే తెస్తున్నారని తెలిసి పిన్నికి ప్రాణం లేచొచ్చింది. తనను చూస్తే తమ్ముడికి ధైర్యం వస్తుందని ముందు బెంచీలో, ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య చోటు చేసుకుని మరీ కూర్చుంది. నేను సరిగ్గా ఆమె వెనక బెంచీలో కూర్చున్నాను.

మామయ్య బాగా చిక్కిపోయాడు. కానీ నిటారుగా నిలబడ్డాడు.

"నీ మీద కేసేంటో తెలుసా?" అని జడ్జిగారు మెల్లగా అడిగారు.

"కొట్టు అద్దం పగలగొట్టానండి. తప్పేనండి."

పిన్ని వెనక్కి చాపి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంకేముంది, సాయంత్రానికి ఇంట్లో ఉంటాడనుకున్నాను.

"నీకోసం ఎవరొచ్చారు? ఆవిడ ఎవరు?"

మామయ్య పిన్నిని చూశాడు. ఆమెకు అటూ ఇటూ ఉన్న పోలీసులను చూశాడు.

"తెలీదండి."

"మీ అక్క కాదూ?"

"నాకు అక్క లేదండి. నాకెవ్వరూ లేరు."

పిన్ని లేచి నిలబడి "ఒరేయ్, నేనురా!" అని అరిచింది. ఆయన తల దించుకున్నాడు. సొంత అక్కనే గుర్తుపట్టలేనివాడికి విచారణ ఏం అర్థమవుతుందని మళ్ళీ ఆసుపత్రికి పంపమన్నారు. ఇంకో వాయిదా వేశారు.

బయట వరండాలో మామయ్యను మా పక్కనుంచే తీసుకెళ్తున్నారు. ఆయన కానిస్టేబుల్ చెవి దగ్గరకు వంగి బతిమాలుతున్నాడు.

"ఆవిణ్ణి వదిలేయండి సార్. మీ వాళ్ళు అటూ ఇటూ కూర్చున్నారు, నేను చూశాను. నేను వస్తున్నాగా, ఇంక మా అక్కెందుకు? ఇంటికి పోనివ్వండి."

చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉన్నాడు. పిన్ని చెయ్యి సగం దాకా లేచింది కూడా. అంతలోనే దించేసింది. తమ్ముడికి వీపు తిప్పి, ఎవరో తెలియని మనిషిలా మెట్లవైపు నడిచింది. నేను వెనకే వెళ్ళాను.

"చూస్తున్నాడా?" అని తల తిప్పకుండానే అడిగింది.

"చూస్తున్నాడు పిన్నీ."

"అయితే ఆగకు. నడు."