షీరాజ్‌కి దక్కిన మక్రూద్‌లు

సూస్ పట్టణంలోని ఒక విశ్వవిద్యాలయంలో, ఉపకార వేతనాల ఆఫీసులో వసీలా చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. పక్క కౌంటర్ కిటికీ దగ్గర షీరాజ్ అనే అమ్మాయి కొత్తగా ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆమెకు కడుపుమంట మొదలైంది. పిల్లలంతా షీరాజ్ ముందే బారులు తీరుతున్నారు. వసీలా కిటికీ ఖాళీగా ఉన్నా ఇటు రావడం లేదు.

ఆ రోజు కైరువాన్ నుంచి మబ్రూకా అనే ఆవిడ వచ్చింది. కూతురికి ఉపకార వేతనం మంజూరైందన్న సంతోషంతో, ఖర్జూరం కూరిన మక్రూద్‌లనే మిఠాయిలు పళ్లెం నిండా చేసి తెచ్చింది. పళ్లెం నేరుగా షీరాజ్ చేతుల్లో పెట్టి, "అంతా నీ చలవే తల్లీ!" అంటూ బుగ్గలు ముద్దాడింది.

వసీలాకు ఒళ్లు మండిపోయింది. వేతనం ఇవ్వనన్న కమిటీతో మబ్రూకా కూతురి కోసం గొంతు చించుకుని పోట్లాడింది తను. షీరాజ్ చేసిందల్లా నవ్వుతూ మంచినీళ్లివ్వడం.

"కమిటీతో పోట్లాడింది నేనమ్మా!" అనేసింది ఉండబట్టలేక.

"నిజమే పిన్నీ, వసీలా అక్కే చేసింది," అంది షీరాజ్ కంగారుగా.

మబ్రూకా తెల్లబోయింది. "మరి మా పిల్లతో, 'కాగితాలు సరిగ్గా తేవడం కూడా రాని దానివి, నీకు చదువెందుకే' అన్నావట కదమ్మా? ఇంటికొచ్చి ముద్ద ముట్టలేదు."

వసీలా ముందున్న కాగితాలు సర్దసాగింది. ఆ మాట అన్నది నిజమే.

మబ్రూకా వెళ్లాక వరుసలో చివరి అమ్మాయిని వసీలా మెత్తగా పిలిచింది. "ఇలా రామ్మా, నేను చూస్తాను."

పిలిచింది ఎవరినో అనుకుని ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. షీరాజ్ ఫక్కున నవ్వింది. వసీలాకు మళ్లీ మండింది.