అక్క కోసం దాచుకున్న రక్తం

బండోడు మోటార్‌సైకిళ్ళ మెకానిక్కు. మనిషి దుక్కలా ఉంటాడు. వాళ్ళక్క పక్కన నిలబడితే ఉఫ్‌మంటే ఎగిరిపోయేలా ఉండేది. "అమ్మ కడుపులో నా వాటా కూడా వీడే మింగేశాడు," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ పేరు పెట్టిందీ ఆవిడే, పిలిచేదీ ఆవిడే. అతను పళ్ళికిలించేవాడు గానీ, నిజమేనేమో అని లోపల బెంగగా ఉండేది.

అక్కది సికిల్ సెల్ జబ్బు. ఎర్రకణాలు కొడవళ్ళలా వంగిపోయి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. నొప్పి మొదలైతే దుప్పటి కొరుక్కుంటూ గోడవైపు తిరిగి పడుకునేది. ఈమధ్య ఓ పొద్దున జాకెట్టు కుడుతూ ఉండగానే మూతి ఒక పక్కకి లాగేసింది.

"ఆ వంకర కణాలు ప్లేట్‌లెట్లని కూడా రెచ్చగొడుతున్నాయి బాబూ," అంది తల నెరిసిన డాక్టరమ్మ. "అవి ఒకదానికొకటి అంటుకుని మెదడు నాళాల్లో గడ్డకడుతున్నాయి. మళ్ళీ ఇలాగే పక్షవాతం వస్తే మాట పోతుంది, మనిషే పోవచ్చు. రక్తమార్పిడి చెయ్యాలి."

"అంటే పాత ఆయిల్ తీసి కొత్త ఆయిల్ పొయ్యడమేగా మేడమ్?"

"అదే అనుకో. కానీ ఇన్నేళ్ళు పరాయి రక్తం ఎక్కించీ ఎక్కించీ, ఆమె ఒళ్ళు దానిమీద తిరగబడటం నేర్చుకుంది. ఎవరిది పడితే వాళ్ళది పడదు. ఆమెకి పడే రక్తం కొన్ని సంచులు దొరికాయి, ఇంకొక్కటి తోడైతే మొదలుపెడతాం. తోడబుట్టినవాళ్ళది కలిసే అవకాశం ఎక్కువ."

తోడబుట్టినవాడు లేడూ! ఏదో ఒకరోజు అక్కకి తన రక్తమే కావాల్సొస్తుందని బండోడు చిన్నప్పుడే అనుకున్నాడు. అందుకే షెడ్డులో అందరూ సీసా ముందు చేరినా చుక్క ముట్టలేదు, సిగరెట్టు వెలిగించలేదు. "ఏంట్రా, సన్నాసుల్లో కలుస్తావా?" అని ఏడిపిస్తే, "నా ఒంట్లో ఉన్నది నాది కాదురా," అనేవాడు. ఇప్పుడు చొక్కా చెయ్యి మడుచుకుంటూ ఆస్పత్రి మెట్లు గబగబా ఎక్కాడు.

పరీక్షలయ్యాక డాక్టరమ్మ అతన్ని గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"అన్నీ కలిశాయి. కానీ నీ రక్తంలోనూ సగం ఆ వంకర గుణమే ఉందయ్యా. నీకేం కాదు, నువ్వు భేషుగ్గా ఉంటావు. అది తీసెయ్యడానికే కదా మార్పిడి చేస్తున్నాం, మళ్ళీ అదే ఎలా ఎక్కిస్తాం?"

"పాత ఆయిల్ కలిసిన డబ్బా," అన్నాడు బండోడు. మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు.

"వేరేవాళ్ళకి అవసరమైతే నిక్షేపంగా ఇవ్వొచ్చు," అంది ఆవిడ, ఓదార్పుకే పాపం. ఆ మాట గుండెల్లో గునపంలా దిగింది. దారినపోయేవాడికైనా పనికొచ్చే రక్తం, ఎవరికోసం దాచాడో ఆవిడ ఒక్కదానికే పనికిరాదట! ఇదేం ఖర్మ!

అక్క దగ్గర దాచలేకపోయాడు. మంచం పక్కన కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆవిడ ఆ వంకర మూతితోనే నవ్వింది.

"ఊరుకోరా బండోడా! అమ్మానాన్నా ఈ జబ్బొక్కదాంట్లోనే నాకు రెండు పాళ్ళు పెట్టారు. నీకు ఒక్కటే. కుళ్ళుకోకు."

ఆ ఒక్క సంచి కోసం ఎక్కడెక్కడికో కబుర్లు పంపారు. అది వచ్చేలోగానే రెండోసారి పక్షవాతం వచ్చిపడింది. ఆ తర్వాత మార్పిడి చేశారు, ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

ఇప్పుడు ఆవిడకి మాట లేదు. బండోడు షెడ్డు మూసి రోజూ ఆవిడ దగ్గరికి వస్తాడు. గ్రీజు చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, చెంచాతో పాలు తాగిస్తాడు.

"అక్కా, ఒక్కసారి నన్ను పిలవవే. తిట్టినా సరే," అంటాడు.

ఆవిడ పెదాలు కూడదీసుకుని ప్రయత్నిస్తుంది. గాలే వస్తుంది.