బావ తీసిన ఇండ్లు

మొన్న మంగళవారం మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. “తమ్మీ, మీ బావ తిని కుర్చీల ఒరిగిండు. లేపితే లేస్తలేడురా” అన్నది. గొంతులో ఏడుపు లేదు. ఆయన నిద్ర ఎంత మొద్దుదో తెలిసిన ఇల్లాలు కాబట్టి ఇంకా కొంత ఆశ మిగిలి ఉన్నట్టుంది. నేను ఆటో పట్టుకుని పోయేసరికి వాకిలి నిండా చెప్పులున్నాయి. వాటిని చూశాక ఇక లోపలికి తొందరపడలేదు.

బతికినన్నాళ్లూ పాత గోడల నడుమ, పాత కప్పుల కింద తిరిగిన మనిషి, ఒంటి మీద ఒక్క ఇటుక పడకుండా, పప్పుచారు తిని ఫ్యాన్ కింద కూర్చుని పోయాడు. ఇందులో అదృష్టం కొంత ఉంటే ఉండొచ్చు. ఎక్కువ భాగం ఆయన పనితనమేనని నా నమ్మకం.

వరంగల్‌లో ఇండ్లు కట్టే మేస్త్రీలు ఏ వాడకు పోయినా దొరుకుతారు. మా బావ ఇండ్లు కూల్చే మేస్త్రి. ఈ మాట ఆయన ముందు అంటే మొఖం మాడ్చుకునేవాడు. “కూలితె దాన్ని ప్రమాదం అంటరు బామ్మర్ది. నాది తీసుడు” అనేవాడు. ఆయన తీసిన ఇండ్ల తలుపులు, కిటికీలు, దూలాలు అమ్ముకుని నేను బతికాను. నా చదువు కూడా అక్కడిదే. పాత ఇండ్ల గూళ్లలో పరిచిన పేపర్లు, అటక మీద వదిలేసిన పుస్తకాలు దుకాణంలో కూర్చుని చదివాను. చాలావాటికి మొదటి పేజీలు ఉండేవి కావు. అందుకే ఇప్పటికీ నాకు ఏ సంగతినైనా సక్కగా మొదటి నుంచి చెప్పడం రాదని మా అక్క అంటుంది.

బావ అణకువ గల మనిషి అని రాస్తే పోయిన మనిషి నవ్వుతాడు. ఇస్త్రీ అంగీ వేసుకోనిదే పనిచోటికి పోడు. మీసానికి రంగు వేయనిదే ఫోటో దిగడు. గొప్పలు చెప్పుకోవడమంటే ప్రాణం. అయితే ఆయనకు ఒక చిక్కు ఉండేది. కట్టే మేస్త్రి తాను కట్టింది వేలు పెట్టి చూపిస్తాడు. ఈయన చూపించడానికి ఏముంది? అయినా మానేవాడు కాదు. చుట్టాలెవరొచ్చినా స్కూటర్ ఎక్కించుకుని ఊరంతా తిప్పేవాడు. “గదిగో, గా మందుల దుకాణం కాడ రెండంతస్తుల మిద్దె ఉండె. నేనే తీసిన. పక్కన పాన్ డబ్బా అద్దం గూడ పగల్లే” అనేవాడు. చుట్టం మందుల దుకాణం వైపు చూసి తల ఊపేవాడు.

ఒకసారి హైదరాబాద్ చుట్టాలను ఖిలా వరంగల్ తీసుకుపోయాం. వాళ్లు తోరణాల దగ్గర ఫోటోలు దిగుతుంటే ఈయన కింద పడి ఉన్న చెక్కుడు రాళ్ల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నాడు. దగ్గరికి పోతే మొఖం చిన్నబుచ్చుకుని ఉన్నాడు. “ఎవలు తీసిన్రో గనీ, గిట్లనా తీసేది? ఒక్క రాయి సక్కగ దించలే. కట్టినోళ్లకు పనొచ్చు, తీసినోళ్లకు రాదు” అన్నాడు. కోట చూసి బాధపడిన వాళ్లను చాలామందిని చూశాను. ఇలా బాధపడ్డవాడు ఆయనొక్కడే.

ఆయన పద్ధతి చెప్పాలి. ముందు కరెంటోళ్లను పిలిపించి తీగ తీయించాలి. తర్వాత నల్లా. ఆ తర్వాత తలుపులు, కిటికీలు. అవి నా వంతు. అప్పుడు కప్పు. కప్పు దిగాకే గోడలు, అవి కూడా పై వరస నుంచి కిందికి. చివర కట్టింది ముందు తీయాలి. గోడ కింద నాలుగు ఇటుకలు పీకి, మోకు కట్టి లాగితే ఒక్క పూటలో పని అయిపోతుందని కొందరు ఆశపడతారు. “యాడ పడాల్నో గోడకు గూడ తెల్వదు, ఇగ వీనికేం తెలుస్తది” అనేవాడు. తీసిన మట్టిని పై అంతస్తులో కుప్ప పోయనిచ్చేవాడు కాదు. ఆ బరువుకే కప్పు కూర్చుంటుందట. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లించేవాడు. రోడ్డు వైపు తాడు కట్టి, ఈల ఇచ్చి ఒక మనిషిని నిలబెట్టేవాడు.

రోజూ పని మొదలుపెట్టే ముందు ఖాళీ ఇంట్లో గదిగదికీ పోయి, “ఎవలన్న ఉన్నరా? పని మొదలైతాంది” అని కేకేసేవాడు. నేను వెక్కిరిస్తే, “ఊర్ల ఖాళీ ఇల్లు అనేది ఉండది. తాగినోడు పంటడు, పేకాటోళ్లు కూసుంటరు, కుక్క ఈనుతది” అన్నాడు. నిజంగానే ఒక ఇంట్లో మెట్ల కింద కుక్క ఈని ఉంది. దాని సంసారాన్ని గంపలో పెట్టించి మా దుకాణానికి పంపాడు. ఆ పిల్లలు నా టేకు దర్వాజాలన్నీ కొరికాయి.

ఇక చాయ సంగతి. ఏ ఇల్లు ఒప్పుకున్నా, గడ్డపార దించే ముందు అటు పక్కింట్లో, ఇటు పక్కింట్లో చాయ తాగాలి. పిలిచినా పిలవకున్నా పోయి కూర్చునేవాడు. బావకు చాయ పిచ్చి అని నేను, నలుగురికీ మీసం చూపించుకోవడానికి పోతాడని అక్క అనుకునేవాళ్లం. స్టేషన్ వైపు ఒక గల్లీలో సేటు ఇల్లు తీసినప్పుడు గానీ నాకు తెలియలేదు.

ఆ సేటు ధాన్యం వ్యాపారి. పాత రెండంతస్తుల ఇల్లు కొన్నాడు. దాన్ని తీసేసి దుకాణాలు కట్టాలి, ముహూర్తం దగ్గర పడింది. ఆనుకునే ఒక చిన్న మిద్దె ఉంది. అందులో బ్లౌజులు కుట్టే ఒకామె, కాన్పుకొచ్చిన ఆమె బిడ్డ, నెల కూడా నిండని మనుమరాలు. గోడకు ఏసు పటం, దాని కింద కుట్టుమిషన్. బావ, నేను పోయి కూర్చున్నాం. ఆమె చాయ ఇచ్చింది. బావ కప్పు నోటి దగ్గర పెట్టుకుని పైకే చూస్తున్నాడు. చాయ మీగడ కట్టింది.

“చెల్లె, నీ ఇంటి దూలాలు ఎటు పోయినయ్?”

“ఎటు పోతయన్నా, గోడలకే పోయినయ్.”

“ఏ గోడలకు?”

ఆమె సేటు ఇంటి వైపు చూపించింది. బావ లేచి గోడ మీద మెల్లగా కొట్టుకుంటూ ఆ మూల నుంచి ఈ మూలకు వచ్చాడు.

“నీ ఇంటికి మూడే గోడలున్నయ్ చెల్లె. నాలుగోది సేటుది.”

ఎప్పుడో ఆమె మామ, ఆ పాత ఇంటాయన దోస్తులట. ఇద్దరూ ఒక్క గోడతో సరిపెట్టుకున్నారు. మాట మీద కట్టుకున్న గోడ. కట్టినవాళ్లు పోయారు, మాటా వాళ్లతోనే పోయింది. ఇప్పుడా గోడ తీస్తే ఆమె కప్పు, దాని మీద పరిచిన బండలతో సహా, కిందికి వస్తుంది.

సేటుకు చెబితే, “గోడ నాది, కాయితంల నాది. తీసెయ్. నీతోని కాకుంటే చెప్పు, తవ్వే మిషన్‌కు మాట్లాడుకున్న. ఒక్క పూటల సాఫ్ చేస్తడు” అన్నాడు. బావ వాదం పెట్టుకోలేదు. “సరే సేటూ. చాయ తాగి మాట్లాడుకుందాం రా” అని ఆ ఇంటికే తీసుకొచ్చి, సరిగ్గా నడిమి దూలం కింద కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. పక్కన ఉయ్యాలలో పిల్ల నిద్రపోతున్నది. సేటు చేతికి చాయ కప్పు వచ్చాక, “జర మీదికి చూడు సేటూ. గా దూలం కొస నీ గోడల ఉన్నది” అన్నాడు.

సేటు చూశాడు. కాసేపటికి కుర్చీ కొంచెం దర్వాజ వైపు జరుపుకున్నాడు.

“మరి నా జాగ ఎంత పోతది?” అన్నాడు చివరికి.

“గోడ మందం. ఇంకోటి, అటుపక్క అడ్డగోడలు మొత్తం తియ్య. మెట్లు మెట్లుగ కొంత వదులుత. గవి ఆన్చుకొని గీ గోడ నిలవడ్తది. నీ కొత్త పిల్లర్లు లేసినంకనే గవి తీసేది. అప్పటిదాంక ఆ అంచున తవ్వొద్దు.”

“నిన్ను పిలిచింది ఇల్లు తీస్తవని. నువ్వు సగం ఇడిసిపెడ్తనంటివి” అని గొణుక్కుంటూ సేటు లేచాడు. కానీ మిషన్ మాట మళ్లీ ఎత్తలేదు.

సేటు ఒప్పుకున్నాడు గానీ కుట్టుమిషనామె ఒప్పుకోలేదు. పని జరిగినంతసేపు తల్లీబిడ్డలను ఎదురింట్లో పెట్టమంటే, “పొద్దంత ఎదురింట్ల ఉంటం, మాపటికి గీడికే రావాలె గదన్నా. ఏం కాదని నువ్వంటవ్. బాలింతను గీ కప్పు కింద పండుకోబెట్టుడు ఎట్ల? నువ్వైతే కూసుంటవా గిక్కడ?” అని నిలదీసింది.

“కూసుంట” అన్నాడు బావ.

మర్నాడు దూలాల కింద ఇనుప జాకీలు నిలబెట్టించాడు. ఒక్కో దూలం గోడలోకి దూరే చోట మైదా జిగురుతో పేపర్ పట్టీ అతికించాడు. గోడ వెంట్రుక వాసి కదిలినా పేపర్ తెగుతుందన్నమాట. తర్వాత ఉతికిన అంగీతో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, అటుపక్క తన మనుషులు గోడలు దించుతుంటే.

“నేను లోపలున్ననని తెలిస్తే గడ్డపార మెల్లగ పడ్తది” అన్నాడు. నన్నూ కూర్చోమన్నాడు.

“నేనెందుకు బావా?”

“నాకు ఏమన్న అయితె నా మనుషులు ఏడుస్తరు. నీకు అయితె మీ అక్క వాళ్లను బతకనియ్యది. ఇంక మెల్లగ కొడ్తరు.”

కూర్చున్నాను. ధైర్యం ఉండి కాదు, లేచి పోతే జీవితాంతం అది చెప్పి ఏడిపిస్తాడని. పై నుంచి సున్నం రాలి నా చాయలో పడింది. బావ కళ్లు పేపర్ పట్టీల మీదే ఉన్నాయి. నోరు మాత్రం తాను తీసిన ఇండ్ల గురించి చెబుతూనే ఉంది.

భోజనాల తర్వాత అనుకుంటాను, మాట మధ్యలో ఆగిపోయాడు. మూల దూలం దగ్గర పేపర్ నిలువునా చీలి ఉంది.

“ఆపుండ్రి” అని గోడకు నోరు పెట్టి కేకేశాడు. అటుపక్క చప్పుడంతా ఆగిపోయింది. ఏసు పటం పక్కన గడియారం వినిపించింది.

“మట్టి యాడ పోస్తున్నవ్‌రా?” అని అడిగాడు గోడను.

“మీదనే, గోడ పక్కకు మేస్త్రీ. కింద తోవ లేదని” అన్నది గోడ. ఘన్‌పూర్ వైపు నుంచి వచ్చే కూలీ గొంతు అది.

“తోవ లేకుంటె ఆగాలె. మట్టి గోడ మీద ఒరిగితె గోడ మా మీద ఒరుగుతది. అంత కిందికి దించు. అందాక ఎవడు గడ్డపార ముట్టొద్దు.”

నేను లేచి నిలబడ్డాను. ఆయన లేవలేదు. మట్టి అంతా దిగేదాకా అక్కడే కూర్చుని, ఆ మూలకు ఇంకో జాకీ పెట్టించి, తెగిన పట్టీ పక్కనే కొత్త పట్టీ అతికించాడు. చీకటి పడేదాకా అది తెగలేదు. ఆమె ఎదురింటి అరుగు మీద నుంచి ఇదంతా చూస్తూనే ఉంది. పని ఆగాక లోపలికి వచ్చి, నేల మీది సున్నం ఊడ్చి, బాలింతకు మంచం తానే వాల్చింది.

పని అయినన్ని రోజులూ ఆయన కూర్చున్నాడు. సేటు కూడా మాట నిలబెట్టుకున్నాడు. పిల్లర్లు లేచాకే బావ వచ్చి, మెట్లుగా వదిలిన ఆ అడ్డగోడలు తీసిపోయాడు. చిన్న మిద్దె ఇప్పటికీ ఉంది.

మొన్న ఘాట్ నుంచి వచ్చి, స్నానం చేసి కూర్చుంటే అందరూ బావ గురించి ఏవేవో చెప్పుకుంటున్నారు. నాకు మాత్రం సేటు జాగా ఖాళీ అయిన మర్నాటి పొద్దు గుర్తొచ్చింది. నా తలుపులు బండికెత్తించుకోవడానికి పోయాను. రెండంతస్తుల ఇల్లు ఉన్నంతకాలం ఆ చిన్న మిద్దెకు పొద్దుటి ఎండ వచ్చేది కాదట. ఇప్పుడు జాగా నిండా ఎండ. పోయిన ఇంటి ఎర్ర గచ్చు మీద కుట్టుమిషనామె కాళ్లు చాపుకుని కూర్చుంది. నూనె రాసిన పిల్ల ఆమె కాళ్ల మీద వెల్లకిలా పడుకుని కళ్లు చికిలించి కాళ్లు తన్నుకుంటున్నది. బావ నాతో దర్వాజాల బేరం మాట్లాడుతూ నిలబడి ఉన్నాడు. ఎందుకో కిందికి చూశాడు. ఆయన నీడ పిల్ల పొట్ట మీద పడి ఉంది. మాట ఆపకుండానే పక్కకు జరిగాడు.