లెక్కలో రాయని వేడి

కెమిస్ట్రీ ట్యూషన్ పిల్లలు తమ మేడమ్‌కి పెట్టిన పేరు చుక్కమ్మ. చుక్కచుక్కగా వదిలే బ్యూరెట్ గొట్టం దగ్గర పిల్లల్ని నిలబెట్టి, "చుక్క... ఇంకో చుక్క... ఆగు! నీ దుంప తెగ, ఆగమన్నానా!" అని కేకలేసేది మరి. ఒక్క చుక్క ఎక్కువైతే కింద ఫ్లాస్కులో లేత గులాబీ రంగులో ఆగాల్సిన ద్రావణం ముదురెక్కిపోయేది, ఆవిడ మొహం అంతకన్నా ఎర్రబడేది. నోరు పెద్దదే గానీ, ఏ పిల్ల మీదా చెయ్యెత్తి ఎరగదు. ఎత్తిన చెయ్యి ఏం చేస్తుందో చెల్లెలి ఒంటి మీద రోజూ చూస్తూనే ఉంది.

మొగుడి దెబ్బలు పడలేక చెల్లెలు అక్క ఇంటికొచ్చేసింది. ముందుగదిలో పాఠాలు, వెనకగదిలో చెల్లెలు. "నిన్నిక పంపేది లేదు. వాణ్ని రానీ, మక్కెలిరగ్గొడతాను," అంది అక్క.

వాడు రానే వచ్చాడు. బోర్డు మీద యాసిడ్-క్షారం లెక్క సగంలో ఉంది. తలుపు దబదబా బాదాడు, గడియ ఊడిపడింది. "నా పెళ్లాన్ని దాస్తావా, వదినా?" అంటూ చుక్కమ్మ జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. ఆ చప్పుడుకి చెల్లెలు పరిగెత్తుకొచ్చింది. వాడికి కావలసిందీ అదే. జేబులోంచి బాత్‌రూమ్ కడిగే యాసిడ్ సీసా తీసి, వాడి చేతులు పడిపోను, ఆమె మొహం మీద కుమ్మరించాడు.

చెల్లెలు పెట్టిన కేకకి పిల్లలంతా గోడకి అతుక్కుపోయారు. కదిలింది ఫస్టు ర్యాంకు పిల్ల ఒక్కతే. యాసిడ్‌ని క్షారం విరుస్తుందని ఆ పిల్ల ఎన్ని లెక్కలు చేసిందో! బల్ల మీది సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం సీసా అందుకుని, "ఇది పోస్తే సరిపోతుంది, మేడమ్!" అంటూ వంపబోయింది. చుక్కమ్మ చెయ్యి ఆ పిల్ల చెంప మీద ఛెళ్లుమంది. సీసా ఎగిరి మూలన పగిలింది.

"నీళ్లు!" అని అరిచింది చుక్కమ్మ. "నీళ్లొక్కటే!"

చెల్లెల్ని వంటింట్లోకి ఈడ్చుకెళ్లి, కొళాయి కింద తల వంచి, రెప్పలు వేళ్లతో విడదీసి పట్టుకుంది. చెల్లెలు గింజుకుంది, అక్క చెయ్యి కొరికేసింది. వెనకనుంచి వాడు డొక్కలో తన్నాడు, వీపు మీద కుర్చీ విరగ్గొట్టాడు. అక్క పెదవి కొళాయికి కొట్టుకుని చిట్లింది. మక్కెలిరగ్గొడతానన్న మనిషి వెనక్కి తిరిగైనా చూడలేదు. తిరిగితే చెయ్యి వదలాలి, వదిలితే చెల్లెలి చూపు పోతుంది.

ఆఖరికి పిల్లలు తేరుకుని, బ్యూరెట్ స్టాండుతో వాడి మోకాళ్లు వాయగొట్టారు. పడ్డాక అందరూ మీదెక్కి కూర్చున్నారు. పోలీసులొచ్చి వాణ్ని ఈడ్చుకెళ్లారు. కొళాయి మాత్రం ఆగలేదు.

ఫస్టు ర్యాంకు పిల్ల చెంప పట్టుకుని వెక్కుతూ అడిగింది. "యాసిడ్ మోల్స్, క్షారం మోల్స్ సమానమైతే విరిగిపోతాయి కదా, మేడమ్?"

"లెక్క కరెక్టేనే తల్లీ. రెండూ కలిస్తే పుట్టే వేడి ఎక్కడ రాశావు? పైగా ఆ క్షారం కంట్లో పడితే యాసిడ్‌ని మించి తినేస్తుంది. నేనైనా ఎప్పుడన్నా చెప్పానా, నా మొహం!"

అంబులెన్స్ వీధిలోకి వచ్చేసరికి చెల్లెలి ఎడమకన్ను వాచి మూసుకుపోయింది. కుడిరెప్ప మాత్రం మెల్లిగా ఎత్తింది.

"అక్కా... నీ పెదవి చిట్లిందే. రక్తం కారుతోంది."

అన్ని దెబ్బలకీ కిక్కురుమనని చుక్కమ్మ, తడినేల మీద కూలబడి బావురుమంది.