‘రావచ్చా టీచర్?’ అని అడిగిన హెచ్చెం అమ్మ

పిల్లలు మొదటి పీరియడ్‌కు కూర్చుంటుండగా హెచ్చెం అమ్మ తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయిందమ్మా. తెల్లారుజామున, వేలూరు ఆస్పత్రిలోనే. సాయంత్రం గుడియాత్తంలో మట్టి చేస్తాండాము" అన్నాడు. సరేనని నల్లబల్ల వైపు తిరిగాను. ఏ మాట రాయబోయానో గుర్తుకు రాలేదు.

ఆమె మా గుడియాత్తం ప్రాథమిక పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిగా చేసి రిటైరయ్యారు. పిల్లలకూ మాకూ ఆమె హెచ్చెం అమ్మే. నేను లత్తేరి నుంచి రైల్లో వచ్చి కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒకరోజు నా తరగతి గుమ్మంలో ఆగి, "లోపలికి రావచ్చా టీచర్?" అని అడిగారు. ఎవరినో అడుగుతున్నారనుకుని చుట్టూ చూశాను. తర్వాత, ఎందుకలా అడిగారని నేనంటే, "ఆ గదిలో నీదే మాటమ్మా. నేనే అడక్కుండా దూరితే పిల్లోళ్ళు నీ మాట యాడ వింటారు?" అన్నారు.

విరిగిన సుద్దముక్కలు ఏరి కొంగున ముడివేసుకోవడం ఆమెకు అలవాటు. పూలకొట్టు దగ్గర డబ్బుకోసం ముడి విప్పితే సుద్ద రాలేది. "ఇదీ మా ఆస్తి" అని నవ్వేవారు.

నా మూడో తరగతిలో ఎక్కువమంది తాపీపని వాళ్ళ పిల్లలు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. అప్పుడే పైనుంచి కొత్త పద్ధతి వచ్చింది. ప్రతి పిల్లకూ చదవడం వచ్చా రాదా అని పరీక్షించి ఫోన్‌లో యాప్‌లోకి ఎక్కించాలి. దాన్నిబట్టే బడికీ హెచ్చెంకూ పేరు. మేక బొమ్మ చూపిస్తే నా పిల్లలు "మేక" అనేవాళ్ళు. తమిళంలో "ఆడు" అనాలి. ఒక పాప ఆ అక్షరాలను కూడబలుక్కుని చదివి, "ఏం ఆడాల టీచర్?" అని లేచి నిలబడింది. యాప్‌లో అదంతా చెప్పడానికి చోటు లేదు. ‘రాదు’ అని నొక్కాను. చాలామందికి అలాగే నొక్కాల్సి వచ్చింది. చుట్టుపక్కల బడులన్నీ అందరికీ ‘వచ్చు’ అని పంపాయి.

కొన్నాళ్ళకు ఒక అధికారి వచ్చాడు. చెప్పకుండా నేరుగా నా తరగతిలోకి నడిచి, పిల్లల ముందే తమిళంలో గద్దించాడు. "ఇంతమందికి చదవడం రాకపోతే నువ్వు చేసే పనేమిటి?" అప్పుడు గుమ్మంలో హెచ్చెం అమ్మ గొంతు వినిపించింది. "రావచ్చా టీచర్?"

అధికారి వెనక్కి తిరిగి చూశాడు. నేను "రండమ్మా" అనేదాకా ఆమె గడప దాటలేదు.

యాప్‌లో మార్కులు సరిచేయించమన్నాడు ఆయన. ఆమె కూడా తమిళంలోనే, మెల్లగా జవాబిచ్చారు. "పిల్లల పక్కన కూర్చుని చూసి పెట్టిన మార్కులు సార్ అవి. నేను మళ్ళీ కూర్చుని చూశాను. తేడా లేదు. ఏ మాట చెప్పి మార్చమంటారు?" ఆయన వెళ్ళిపోయాడు.

తర్వాత నాకు మెమో వచ్చింది. వెనకబడిన టీచర్లకు వేలూరులో శిక్షణట. అవమానంతో వెళ్ళి చివరి వరసలో కూర్చుంటే, కాసేపటికి పక్కన వచ్చి కూర్చున్నది ఆమె. శిక్షణ ఇచ్చే కుర్రాడు కంగారుపడి, "మీరెందుకు వచ్చినారమ్మా?" అన్నాడు. "బడి నాది కదప్పా, నేర్పించేది నాకూ నేర్పించు" అన్నారు. మధ్యాహ్నం పెరుగన్నం తింటూ నాతో అన్నారు: "దీన్ని శిక్ష అనుకున్నావంటే రేపు తరగతిలో నీకు గొంతు లెయ్యదు. బాగుండేది ఏమన్నా చెప్తే తీసుకుందాం."

ఆ ఏడాది ఆమె రోజూ నా తరగతిలో నేలమీద కూర్చున్నారు. "దీన్ని ఇంట్లో ఏమంటారు?" "మేక!" "బళ్ళో?" "ఆడు!" వేసవి సెలవుల ముందు పిల్లలు కథలు చదువుతున్నారు.

కానీ బడికి చెడ్డపేరు ముందే పాకిపోయింది. కొందరు పిల్లల్ని ఇంగ్లీషు బడులకు మార్చారు. పిల్లలు తగ్గేసరికి ఒక టీచరు ఎక్కువన్నారు. లెక్కలు చెప్పే టీచరును, నేను అక్కా అని పిలిచే ఆమెను, దూరంగా పొన్నై దగ్గర బడికి పంపించారు. ఆమెకు పాలు మరవని బిడ్డ. వెళ్ళేరోజు స్టాఫ్ రూములో, "మీరు నిజం చెప్పినారు, సరి. బస్సెక్కేది నేను కదమ్మా!" అంది. హెచ్చెం అమ్మ ఆ బదిలీ ఆపాలని ఎన్ని ఆఫీసులు తిరిగినా లాభం లేకపోయింది. రిటైరయ్యాక సత్తువాచారిలో తమ్ముడింట్లో ఉన్నప్పుడు, నేను వెళ్ళిన ప్రతిసారీ ముందు లెక్కల అక్క సంగతే అడిగేవారు.

కిందటి వారం ఆస్పత్రిలోనూ అదే. "ఆ లెక్కల పాపను దగ్గరకు మార్చినారా?" లేదన్నాను. "మార్కులు మార్చుంటే తను ఈణ్ణే, మన బళ్ళోనే ఉండేది కదా" అన్నారు. "అప్పుడు పిల్లలకు చదవడం వచ్చేది కాదమ్మా" అన్నాను. కళ్ళు మూసుకుని, "రెండూ నిజమే. అందుకే నిద్ర పట్టేల్యా" అన్నారు. ఇప్పుడు మా బడిలో పాఠం నడుస్తుండగానే ఎవరో ఒక అధికారి ఫోటో కోసం అడక్కుండా లోపలికి వస్తారు. మా యాప్ కూడా అందరికీ ‘వచ్చు’ అనే చెబుతోంది.

సాయంత్రం శ్మశానంలో ప్రార్థన అయ్యాక పిల్లల తండ్రులు కొందరు పనిబట్టలతోనే ఇటుకలు తెచ్చారు. ఎవరూ పిలవలేదు. మట్టి చుట్టూ గట్టు కట్టి సిమెంటు పూశారు. జనం కదులుతుండగా ప్రహరీ పక్కన లెక్కల అక్క కనిపించింది. పొన్నై నుంచి బడి ముగించుకుని నేరుగా వచ్చినట్టుంది.

"పోదామా అక్కా?" అన్నాను.

"నువ్వు పో. నేను రవంతసేపు ఉంటా."

గేటు దగ్గర ఆగి చూశాను. అక్క భుజానికి సంచి అలాగే ఉంది. గట్టుకు అడుగు దూరంలో నిలబడింది. ఒక మేస్త్రి పచ్చి సిమెంటు మీద చేత్తో నీళ్ళు చల్లుతున్నాడు. ఆ తుంపర్లు చీర అంచు మీద పడుతున్నా ఆమె వెనక్కి జరగలేదు.